దగ్గు కాదు, నవ్వే

తిట్టినందుకు కాదు దర్మికి ఒళ్ళు మండింది. తిట్లు ఆమె ఎరగనివి కావు. దాహంతో పశువులు రంకెలేస్తుంటే, లోతు బావిలో మెట్టుకొకడు నిలబడి పాట పాడుతూ నీళ్ళు పైకి అందిస్తుంటే, పైన మట్టితొట్టి చుట్టూ తోపులాట జరుగుతుంటే ఎవరి నోరు మాత్రం అదుపులో ఉంటుంది? ఆ రోజు గొడవ కూడా అలాంటిదే. బక్క దూడలు ముందు తాగాలని దర్మి అంది. ఎడ్లు ముందు తాగాలని ఆమె బావ ఆరెరో అన్నాడు. ఆమె గొంతు పెంచింది. ఆయన ఇంకాస్త పెంచాడు. ఆరెరోకి తగ్గడం పుట్టుకతోనే రాదు. తొట్టి గట్టు మీద కాలు పెట్టి, బావి చుట్టూ ఉన్నవాళ్ళందరూ వినేలా అన్నాడు.

"దూడల ఊసు నీకెందుకే? ఈత నొప్పుల సంగతి కంచర గాడిదకేం తెలుసు?"

పశువులే బతుకైన బోరనా తెగ వాళ్ళలో ఈ మాట ఉత్త గొడ్రాలు అనడం కాదు. అంతకంటే వెయ్యి రెట్లు పాడు మాట. పైనున్న నల్లని వాఖ, అందరినీ పుట్టించిన ఆ దేవుడు, ఒకప్పుడు చేయెత్తితే అందేంత కిందనే ఉండేవాడట. కంచర గాడిద వెనక్కి తిరిగి ఆయన్ని ఒక్క తన్ను తన్నిందట. ఆయన మనసు విరిగి పైపైకి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ దాని కడుపు ఎండగట్టాడు. ఈ కథ పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. అంటే ఆరెరో అన్నది నీకు పిల్లల్లేరని కాదు. నువ్వేదో పాపం చేసి ఉంటావు, అందుకే వాఖ నిన్ను శిక్షించాడని. వాఖ వచ్చి ఈయన చెవిలో చెప్పి వెళ్ళినట్టు!

అదీ మింగేసేదే దర్మి. చాలా మింగింది, ఇదొక లెక్కా? కానీ అప్పుడే నవ్వులు వినపడ్డాయి. ఒకరు నవ్వారు, నలుగురు నవ్వారు, బావిలో దిగినవాళ్ళు కూడా ఏమైందో తెలియకుండానే నవ్వారు. ఆ నవ్వుల్లో ఒకటి ఆమె నిద్రలో కూడా గుర్తుపట్టగలదు. ముక్కులో మొదలై గొంతులోకి దిగే నవ్వు. ఆమె మొగుడు సోరాది. చేతిలో తోలు బకెట్టు పట్టుకుని, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఇక్కడ తిట్టింది బావ, నవ్వింది మొగుడు. దర్మి ఏడవలేదు. నీళ్ళ డబ్బా అక్కడే వదిలేసి, దూడల్ని తోలుకుని తాగించకుండానే ఇంటికి వచ్చేసింది. దారంతా దూడలు అరుస్తూనే ఉన్నాయి. పాపం వాటికేం తెలుసు.

సాయంత్రం పశువుల్ని దొడ్లో పెట్టి సోరా గుడిసెలోకి వచ్చీ రాగానే అడిగేసింది.

"నవ్వావు కదూ?"

"ఎవరు? నేనా?" సోరా తలపాగా విప్పుతూ అన్నాడు. "నేను నవ్వడమేంటే? దుమ్ము పోయి దగ్గొచ్చింది."

"దగ్గా?"

"దగ్గే. ఆ దుమ్ములో ఎవడికి రాదు?"

"పళ్ళన్నీ బయటపెట్టి దగ్గుతారా ఎవరన్నా?"

"అబ్బబ్బ! నా పళ్ళు లెక్కబెడుతూ నిలబడ్డావా అక్కడ? అన్నది మా అన్న. వాడి నోటికి అడ్డూ ఆపూ లేదని నీకు తెలీదా? పోయి వాడితో పెట్టుకో. నన్నెందుకు తింటావు?"

దర్మి పాలు తెచ్చి అతని ముందు పెట్టింది. పెట్టిన తీరుకి సగం పాలు నేలపాలయ్యాయి.

తప్పు చేసినవాడు తప్పు చేశానంటే ఆ రాత్రికే అయిపోయేది. ఆమె అంత పంతగత్తె కాదు. కానీ ఆ దగ్గు! ఆ దగ్గు అన్న మాట ఆమెకి కంచర గాడిద అన్న మాట కంటే ఎక్కువ కాల్చింది. కళ్ళెదుట చూసినదాన్ని చూడలేదనమంటాడు. చెవులారా విన్నదాన్ని వినలేదనమంటాడు. అంటే గొడ్రాలే కాదు, గుడ్డిదీ చెవిటిదీ కూడానా తను?

ఇంతలో పిల్లాడికి పేరుపెట్టే రోజు దగ్గరపడింది. పిల్లాడు సోరా రెండో పెళ్ళాం తూమె కొడుకు. ఇంట్లో పుట్టిన తొలి మగబిడ్డ. తూమె చిన్నపిల్ల, తొలికాన్పుకి భయపడి దర్మి భుజం కొరికేసింది కూడా. పుట్టిన బిడ్డని ముందుగా చేతుల్లోకి తీసుకున్నది దర్మే. తొలి మగబిడ్డ పేరంటే పల్లె పల్లెంతా దొడ్లో కూర్చుని వాఖకి చెప్పి పెట్టే పేరు. ఏ రోజుకి ఏ గుణముందో లెక్క తెలిసినాయన రోజు కూడా చూసి చెప్పాడు. అది దాటితే మళ్ళీ అంత మంచిరోజు ఇప్పట్లో లేదన్నాడు.

అసలు చిక్కు అక్కడ వచ్చింది. ప్రార్థన మొదలుపెట్టే ముందు పెద్దాయన "నెమ్మదేనా?" అని అడుగుతాడు. దొడ్డి కంచె లోపల ఉన్న ప్రతి నోరూ "నెమ్మదే" అనాలి. ఒక్కరి కడుపులో నిప్పున్నా ఆ ప్రార్థన ముళ్ళకంచె దాటదు. వాఖ దాకా పోవడం మాట అటుంచి, పక్క పల్లె దాకా కూడా పోదు. దర్మి కడుపులో ఉన్నది నిప్పు కాదు, అడవి తగలబెట్టే మంట. ఈ సంగతి పల్లెలో కుక్కలకి కూడా తెలుసు.

పల్లె పెద్ద గల్మా ముసలాయన ఆరెరోని వెంటబెట్టుకుని దర్మి గుడిసె ముందుకి వచ్చాడు. ఆరెరో చేతిలో పచ్చగడ్డి పరకలున్నాయి. గడ్డి పట్టుకొచ్చి నిలబడ్డవాడు తప్పు ఒప్పుకున్నట్టే. పుచ్చుకుంటే క్షమించినట్టు.

"అన్నాను," ఆరెరో నేల చూస్తూ అన్నాడు. "అనకూడని మాట. వాఖ పేరు దాంట్లోకి లాగాను. పడుచు ఆవునొకదాన్ని తోలుకొస్తాను."

"ఆవు మీరే ఉంచుకోండి బావగారూ. గడ్డి ఇవ్వండి." దర్మి పరకలు పుచ్చుకుని, గుడిసె వాకిట కప్పులో దోపింది. "మీ మీద నాకేం లేదు. మీ నోటి సంగతి నాకు తెలుసు. కాపురానికి వచ్చిన రోజే చూశాను."

గల్మా ముసలాయన ముఖం విప్పారింది. "చూశావా! ఎంత తేలిగ్గా అయిపోయిందో. ఇంక నెమ్మదేగా తల్లీ?"

"లేదు పెద్దయ్యా."

"అదేంటి! గడ్డి పుచ్చుకున్నావుగా?"

"తిట్టినవాడిది పుచ్చుకున్నాను. నవ్వినవాడిది రాలేదు."

ముసలాయన ఆరెరో వైపు చూశాడు. ఆరెరో ముసలాయన వైపు చూశాడు. ఇద్దరూ కలిసి సోరా కోసం చూశారు. సోరా అప్పటికే ఏదో పనున్నట్టు దొడ్డి వెనక్కి వెళ్ళిపోయాడు.

"చూడమ్మా," గల్మా గొంతు తగ్గించాడు. "తిడితే కట్టాల్సిన తప్పు ఉంది. కొడితే తప్పు ఉంది. పాలకుండ పగలగొడితే కూడా తప్పు ఉంది. నవ్వుకి తప్పేంటి? మా తాతల నాటి నుంచీ నవ్వుకి తప్పు వేసినట్టు నేను వినలేదు."

"అయితే వేయకండి. నాకు తప్పు కట్టక్కర్లేదు. నవ్వానని ఒక్క ముక్క అనమనండి. నవ్వినప్పుడు ఎంతమంది ఉన్నారో అంతమంది ముందు అనమనండి."

"దగ్గానంటున్నాడుగా," ఆరెరో అన్నాడు.

దర్మి అతని వైపు చూసిన చూపుకి ఆరెరో అంతటివాడూ రెండడుగులు వెనక్కి వేశాడు. వేసి, అక్కడి నుంచే మళ్ళీ నోరు విప్పాడు. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఒక్క పూట పుట్టింటికి పంపేస్తే సరి. కోపంతో ఉన్న మనిషి కంచె బయట ఉంటే చాలు, ప్రార్థనకి అడ్డు లేదు. పేరుపెట్టేశాక తీసుకొద్దాం."

"పెద్ద పెళ్ళాం ఆమె. ప్రార్థనలో కాఫీ కాయలు వెన్నలో వేయించాల్సింది ఆమె చేతులే," గల్మా విసుక్కున్నాడు. "ఆమెని పంపి ఎవరి చేత వేయిస్తావు? నీ చేతనా?"

ఆరెరో చల్లగా అక్కడి నుంచి జారుకున్నాడు.

పేరుపెట్టడానికి ముందు రోజు ఆడవాళ్ళందరూ తూమె గుడిసెలో చేరి కాఫీ కాయల తొడిమలు పళ్ళతో కొరుకుతున్నారు. కోడె దూడని కోసినట్టే కాయని కూడా కోసి వాఖకి ఇవ్వాలి. అందుకే ఒక్కో కాయ కొస కొరకడం. మామూలప్పుడైతే ఆ గుడిసెలో నవ్వులకి కప్పు లేచిపోయేది. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. నవ్వు అనే మాట నోటికి వస్తే కూడా మింగేస్తున్నారు. దర్మి కాయల్ని పగతో కొరుకుతోంది.

పక్కనే కూర్చున్న లోకో ముసలమ్మ, సోరా చిన్నాన్న పెళ్ళాం, చివరికి ఉండబట్టలేక అంది.

"ఒక్క మాట అనేయవే తల్లీ. నెమ్మదే అని నోటితో అను. ఉన్నది కడుపులో ఉంచుకో."

"వాఖకి ఏది వినపడుతుంది అత్తా, నోరా, కడుపా?"

"రెండూ వినపడతాయనుకో. కానీ నేను పెళ్ళై వచ్చినప్పటి నుంచీ ఇలాగే అంటున్నాను. మీ మామ ఉన్నన్నాళ్ళూ నాకు ఏ పూట నెమ్మది ఉందనుకున్నావు?"

"అయితే ఇన్నాళ్ళూ మన పల్లెకి వానలు సరిగా పడనిది నీ వల్లేనన్నమాట!"

గుడిసెలో ఎవరో కిసుక్కుమన్నారు. వెంటనే నోరు మూసుకున్నారు. లోకో మాత్రం నవ్వలేదు. కాసేపు కాయ కొరుకుతూ ఉండి, "నవ్విన నాపచేనే పండుతుందంటారు లేవే. నీకూ ఒక రోజు వస్తుంది," అంది.

"పండక్కర్లేదు అత్తా! నాకేమీ పండక్కర్లేదు!" దర్మి చేతిలో గుప్పెడు కాయలు బుట్టలోకి విసిరింది. "అందరూ ఇదే మాట. ఓర్చుకో, నీకూ పండుతుంది. నేను పంట గురించి అడిగానా? నా మొగుడు నన్ను చూసి నవ్వి, నవ్వలేదంటున్నాడు. రేపు చేతిలో గడ్డి పట్టుకుని, తలెత్తి, వాఖ ముందు అదే అబద్ధం మోస్తాడు. ఆ అబద్ధానికి నేను తోడు పలకాలట! నెమ్మదే అనాలట! నన్ను కంచర గాడిద అన్నారు. ఆ గాడిద కనీసం బాహాటంగా తన్నింది. వీళ్ళందరూ ఆయన్ని దొంగచాటుగా తంతున్నారు. రోజూ."

మూలన బిడ్డకి పాలిస్తున్న తూమె భయంభయంగా అడిగింది. "అక్కా, అయితే పిల్లాడి పేరు ఆగిపోతుందా?"

"నీ పిల్లాడి పేరు నేనెందుకు ఆపుతానే? వాళ్ళ నాన్న దగ్గు ఆపుతోంది. పోయి ఆయన్ని అడుగు."

తూమె తల వంచుకుంది. అడిగిందో లేదో దర్మి పట్టించుకోలేదు.

మర్నాడు తెల్లవారగానే పశువుల్ని బయటికి తోలి దొడ్లో అందరూ చేరారు. మగవాళ్ళు పీటల మీద, ఆడవాళ్ళు నేల మీద. ప్రతి ఒక్కరి చేతిలో పచ్చగడ్డి. మధ్యలో పొయ్యి, పొయ్యి మీద వెన్న వేసిన బాణలి, బాణలి ముందు దర్మి. బాణలిలో కాయలింకా వేయలేదు. నెమ్మది ఉందని తేలాకే వేయాలి. సోరా కొత్త తుండు కట్టుకుని, తండ్రిననే హోదాతో అందరికంటే ముందు కూర్చున్నాడు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నవాడిలా అటూ ఇటూ కదులుతున్నాడు.

గల్మా ముసలాయన కర్ర పట్టుకుని లేచాడు. తల పైకెత్తాడు.

"నెమ్మదేనా?"

"నెమ్మదే!"

"పెద్దలు నెమ్మదేనా?"

"నెమ్మదే!"

"ఆడవాళ్ళు నెమ్మదేనా?"

"నెమ్మదే," అన్నారు ఆడవాళ్ళు. ఆ మాటలో ఒక గొంతు లేదు. లేదని అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలిసింది, ఎందుకంటే అందరూ ఆ గొంతు కోసమే చెవులు రిక్కించి ఉన్నారు.

ముసలాయన మరోసారి అడిగాడు. ఈసారి ఆడవాళ్ళు కూడా సరిగా అనలేదు.

"నెమ్మది లేదు పెద్దయ్యా," దర్మి అంది. గొంతు ఎత్తలేదు. "ఉన్నట్టు చెప్పి ఈ బిడ్డ నెత్తిన అబద్ధం పోయలేను. నలుగురున్న చోట నన్ను చూసి నవ్వారు. నవ్వినవాళ్ళు నవ్వామంటే అయిపోతుంది."

ఆరెరో పీట మీంచి లేచాడు. "మళ్ళీ మొదలెట్టింది! సిగ్గుందా నీకు, ఇంత మంచిరోజున..."

"కూర్చో ఆరెరో," గల్మా కర్ర నేలకి కొట్టాడు. "నీ నోటి వల్లే ఇంత దూరం వచ్చింది. ఆ రోజు బావి దగ్గర నువ్వు వాఖ తీర్పు చెప్పావు. నీకు ఎప్పుడు చెప్పాడాయన? ఈ ఆడదాన్ని శపించానని ఇక్కడ ఎవరికి చెప్పాడు? విన్నవాడుంటే లేచి చెప్పండి."

ఎవరూ లేవలేదు. ఆరెరో కూర్చున్నాడు.

"సరే. విన్నవాడు లేడు. నవ్వినవాళ్ళు?"

పొయ్యిలో పుల్ల చిటపటమంది. చివరికి వెనక వరసలో పొడుగ్గా ఉండే ఒకతను గడ్డి ఉన్న చేయి పైకెత్తి, "నేను నవ్వాను వదినా. తప్పే," అన్నాడు. అతని పక్కవాడు చేయెత్తాడు. "నేను బావిలో ఉన్నాను. ఏమన్నారో కూడా తెలీదు. నవ్వాను." ఆడవాళ్ళలోంచి ఒకామె, ఇంకొకామె. లోకో ముసలమ్మ అయితే, "నేను ఆ రోజు బావి దగ్గరే లేను. ఉంటే నవ్వేదాన్నే," అంది. ఎవరు చెప్పినా దర్మి తలూపింది. చెప్పిన ప్రతి ఒక్కరి ముందూ ఆమె కడుపులో ఏదో కొంచెం దిగుతున్నట్టే ఉంది.

ఆఖరికి అందరి చూపులూ వెళ్ళి సోరా మీద ఆగాయి.

"నేను దగ్గాను," సోరా అన్నాడు.

"గడ్డి పట్టుకుని, తల పైకెత్తి చెప్పు నాయనా," గల్మా అన్నాడు. "దగ్గే అయితే దగ్గే."

సోరా చేతిలో గడ్డి వైపు చూశాడు. తల పైకెత్తలేదు. ఆ తర్వాత ఒక్కసారిగా ఒళ్ళు పొంగినట్టు లేచాడు. "ఏంటి పెద్దయ్యా ఇది? ఇంత మంది ముందు పెళ్ళాం అడిగిందని మొగుడు సంజాయిషీ చెప్పుకోవాలా? నా కొడుక్కి పేరుపెట్టే రోజున? నేను చెప్పను. ఏం చేస్తారో చేయండి!"

"చేసేదేముంది," ముసలాయన గొంతులో కోపం లేదు, అదే భయంకరంగా ఉంది. "తగువు కంచె లోపల ఉంటే ప్రార్థన లేదు. అది బయటికి పోవాలి."

"అదే నేనూ అంటున్నా!" ఆరెరో అందుకున్నాడు. "ఆమెని..."

"ఆమె అబద్ధం ఆడనని కూర్చుంది. ఆమెని బయటికి పంపి, అబద్ధాన్ని లోపల పీట మీద కూర్చోబెట్టి, వాఖని ఏం ముఖంతో అడుగుతావు ఆరెరో? తగువుని ఎవడు పట్టుకున్నాడో వాడే మోసుకుని వెళ్ళాలి." ముసలాయన సోరా వైపు తిరిగాడు. "ఆ ముక్క అను, కూర్చో. లేదంటే ద్వారం అటు ఉంది."

దర్మి కూడా దీన్ని అనుకోలేదు. మాట తెప్పించాలనుకుంది గానీ, మనిషిని పంపించాలనుకోలేదు. సోరా ఆమె వైపు చూశాడు. వద్దంటుందనుకున్నాడు. ఆమె నోటి దాకా వచ్చింది కూడా. కానీ అతని కళ్ళలో ఆ నమ్మకం చూసేసరికి, ఇంకా ఇదే నమ్మకమా అని అరికాలి మంట నెత్తికెక్కింది. బాణలిలో వెన్న వైపు తిరిగి కూర్చుంది.

"సరే, పోతున్నా! నా పశువుల దగ్గర ఉంటా!" సోరా గడ్డి పరకలు అక్కడే పడేసి నడిచాడు. మెల్లగా నడిచాడు, ఎవరైనా పిలుస్తారని. ఎవరూ పిలవలేదు. అతను దాటగానే ద్వారానికి అడ్డంగా ముళ్ళకంప లాగారు.

గల్మా మళ్ళీ తలెత్తి అడిగాడు. "నెమ్మదేనా?"

"నెమ్మదే," దర్మి అంది. ఆమె గొంతే అందరికంటే ముందు వినపడింది. కంచె లోపల మాత్రం అది నిజమే.

కాయలు వెన్నలో పడ్డాయి. మొదటి కాయ చిట్లగానే ముసలాయన ప్రార్థన అందుకున్నాడు.

"మమ్మల్ని పుట్టించిన నల్లనివాడా, పగలు నీదే."

"నీదే!"

"కాయ చిట్లినట్టు మా కష్టం చిట్లనీ."

"చిట్లనీ!"

"ఎండిన పొదుగుకి పాలివ్వు. దారి తప్పినదానికి దారివ్వు."

"ఇవ్వు!"

దర్మి కాయలు కలుపుతూనే ఉంది. పొగకో దేనికో కళ్ళు మండుతున్నాయి. కంచె అవతల ఎవరో నడుస్తున్న చప్పుడు, ఆవుల్ని అదిలిస్తున్న చప్పుడు. అదిలించాల్సిన అవసరమేమీ లేదు, అవి కదలకుండా నిలబడే ఉన్నాయి.

తూమె బిడ్డని తీసుకొచ్చి మధ్యలో నిలబడింది. తండ్రి నోటి నుంచి రావాల్సిన పేరు. తండ్రి లేడు కాబట్టి పెదనాన్న హక్కు అన్నట్టు ఆరెరో తుండు సర్దుకుని ముందుకి వచ్చాడు.

"అక్క చెప్తుంది," తూమె అంది.

అంత చిన్న గొంతు ఆమెది. కానీ దొడ్లో అందరికీ వినపడింది. ఆరెరో తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి గల్మా వైపు చూశాడు. గల్మా దర్మి వైపు చూశాడు.

దర్మి చేతులు తుడుచుకుని లేచింది. బిడ్డని అందుకుంది. ఆ క్షణాన ఆమె ఏ పేరు చెబితే అదే పేరు. తన తండ్రి పేరు పెట్టేయొచ్చు. ఆపగలిగేవాడు లేడు. జీవితాంతం సోరా తన కొడుకుని మామ పేరుతో పిలుచుకుంటూ తిరగాలి! నాలుక చివరి దాకా వచ్చిందా పేరు. కానీ బిడ్డ ముఖం చూసి, ఛీ, వీడికీ దీనికీ ఏం సంబంధం అనుకుంది. సోరా తండ్రి, పోయిన ముసలాయన పేరే చెప్పింది. చెప్పడం మాత్రం కంచె దాటేలా, బావి దాకా వినపడేలా చెప్పింది.

"దబాసో!"

"దబాసో!" పల్లె మొత్తం అంది. గల్మా బిడ్డ నుదుటన వెన్న రాసి, మెత్తగా ఉమ్మి దీవించాడు. "దబాసో, పదికాలాలు బతుకు."

కంచె అవతల చప్పుళ్ళు ఆగిపోయాయి. ఆ తర్వాత ఒక గొంతు వినిపించింది.

"నవ్వాను!"

అందరూ అటు తిరిగారు. ముళ్ళ సందుల్లోంచి కొత్త తుండు అంచు కనిపిస్తోంది. దర్మి బిడ్డని తూమె చేతికిచ్చి మళ్ళీ పొయ్యి ముందు కూర్చుంది.

"ఎవరో ఏదో అన్నట్టున్నారు," గల్మా అన్నాడు.

"నాకేం వినపడలేదు పెద్దయ్యా," అంది దర్మి. "దుమ్ముకి ఎవరికో దగ్గొచ్చి ఉంటుంది."

"దగ్గు కాదు, నవ్వే!" సోరా అరిచాడు. గొంతు చీలిపోయింది. "నవ్వానే! విన్నావా? నిన్ను చూసి నవ్వాను. ఇన్నేళ్ళూ అందరూ మనిద్దర్నీ చూసేవాళ్ళు. ఎవరిలో లోపమా అని. కొడుకు పుట్టాక కూడా ఆ చూపు పోలేదు. బావి దగ్గరకెళ్ళినా అదే చూపు, సంతకెళ్ళినా అదే చూపు. మా అన్న ఆ మాట అనగానే అందరూ నిన్నొక్కదాన్నే చూశారు. నన్ను వదిలేశారు. హమ్మయ్య అనిపించింది. అందుకే నవ్వాను. వాఖ వింటున్నాడు, అబద్ధమైతే నన్నిక్కడే కొట్టమను!"

ఆరెరో తన కాళ్ళ వైపు చూసుకుంటున్నాడు. తూమె నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

దర్మి చేతిలో గరిటె ఆగింది. నవ్విన సంగతి ఆమెకి తెలుసు. ఎందుకు నవ్వాడో ఇంతవరకూ తెలియదు. ఇన్ని రాత్రులు తన పక్కనే పడుకుని ఆ చూపుల్ని తనతో పాటు మోస్తున్నాడనుకుంది. ఆ బరువులో అతని వాటా కూడా ఆమె నెత్తినే పెట్టి, అడుగు తేలికై, నవ్వాడన్నమాట. ఆమెకి అతని మీద జాలి వేసింది. జాలి వేసినందుకు ఇంకా కోపం వచ్చింది.

"కంప తీయమంటావా తల్లీ?" గల్మా మెల్లగా అడిగాడు. "చెప్పేశాడుగా."

దర్మి బాణలి దించింది. వేగిన కాయల మీద పాలు పోసింది. గిన్నెలు వరసగా పెట్టి ఒక్కొక్కటీ నింపడం మొదలుపెట్టింది. సోరా గిన్నె కూడా నింపింది. నింపి, తన మోకాలి పక్కన పెట్టుకుంది.

"తీద్దాం పెద్దయ్యా, తొందరేముంది. అందరూ తాగండి ముందు," అంది. "నేను ఏళ్ళ తరబడి నిలబడ్డాను. ఆయన ఈ కాస్సేపు నిలబడలేడా?"

గిన్నెలు చేతులు మారాయి. గల్మా ముసలాయన మొదటి గుక్క తాగి, గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పూట ఎవరూ తొందరపడి తాగలేదు.